పప్పు ఉడకని నీళ్లు

నాకు ముక్కు మీద కోపం. ఊహ తెలిసినప్పటి నుంచీ మా అమ్మ ఈ మాట అంటూనే ఉంది. వేంపల్లెలో మా నాన్న కొట్టుకు వచ్చేవాళ్లు కూడా "మీ పాప కూర్చుంటే బేరం ఆడాలంటే భయమప్పా" అనేవాళ్లు. ఆ కోపం నన్ను చాలాచోట్ల గెలిపించింది కాబట్టి దాన్ని నేనెప్పుడూ తప్పనుకోలేదు. కడపలో పరిశోధన చేసిన రోజుల్లో ఒక్కసారి మాత్రం అది ఒక మనిషి కాలికి అడ్డం పడిందేమోనని వణికిపోయాను. ఆ సంగతి ఇన్నాళ్లకు రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయింది అప్పటికి. కాలేజీ వెనకాల, సైకిళ్ల షెడ్డుకు ఆనుకుని ఉన్న రెండు గదులే మా ల్యాబు. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు తెరవకూడదని ఎర్ర సిరాతో కాగితం రాసి దాని మీద అంటించాను. దాని కింద ఎవరో "తెరిస్తే మేడమ్ కొడుతుంది" అని చేర్చారు. అది పనిచేస్తోంది కదా అని నేనూ చించలేదు.

మేము చేసేది పెప్టైడ్ల పని. పెప్టైడ్ అంటే ప్రోటీను తునక. అమైనో ఆమ్లాలను పూసల్లాగా వరసగా గుచ్చితే వచ్చే చిన్న దండ. మాది పదమూడు పూసల దండ. యాంటీబయాటిక్ మందులకు లొంగకుండా మొండికేసిన బ్యాక్టీరియాను చంపడానికి ఇదొక వేరే దారి. పాత మందులు సూక్ష్మజీవి చేసుకునే ఏదో ఒక పనికి అడ్డం పడతాయి. అది ఆ పనిని ఇంకో విధంగా చేసుకోవడం నేర్చుకుందంటే ఇక మందు పని అయిపోయినట్టే. పెప్టైడ్ అట్లా కాదు. సూక్ష్మజీవి పైపొరకు అతుక్కుని బొక్కలు పెడుతుంది. ఒంటిమీద పొరనంతా మార్చుకోవడం దానికి అంత సులువు కాదు. మన ఒంట్లో, మేకల ఒంట్లో, కప్పల చర్మం మీద ఇట్లాంటివి పుట్టుకతోనే ఉంటాయి. వాటిని చూసి, కొన్ని పూసలు మార్చి, కొత్తవి చేయాలని నా గైడు, మా సారు ఆశ. ఏ పూస తర్వాత ఏది రావాలో కాగితం మీద రాసేది మేము. తయారయ్యేది హైదరాబాదులో. నెలల తరబడి ఎదురుచూస్తే ఒక చిన్న సీసా అడుగున చిటికెడు తెల్లపొడి వచ్చేది. ఆ సీసా వచ్చిన రోజు నేను ఎవరితోనూ పోట్లాడేదాన్ని కాదు.

మా గాజుసామాన్లు కడిగేది ఒక అక్క. ఎర్రగుంట్ల పక్కన పల్లె. పొద్దున్నే బస్సెక్కి వచ్చేది. రెండెకరాల మెట్ట, ఆదివారం తప్పకుండా చర్చి, సిమెంటు లారీ నడిపే భర్త. అదీ ఆమె సంసారం. ఆమె పనుల్లోకెల్లా పెద్దది డిస్టిల్డ్ వాటర్ తీసే యంత్రాన్ని బతికించుకోవడం. మా బోరునీళ్లు కాగీ కాగీ దాని కాయిలు మీద సున్నం పెచ్చులు కట్టేది. అక్క నిమ్మఉప్పు నీళ్లలో కాయిలు నానబెట్టి, కొబ్బరి పీచుతో రుద్ది, పెచ్చులన్నీ పళ్లెంలోకి రాల్చి నాకు చూపించేది. "ఇంటికి సున్నం కొట్టుకోవచ్చు పాపా" అనేది. రోజంతా ఆ యంత్రం గొణుక్కుంటే నాలుగు సీసాల నీళ్లు దిగేవి. నా పెప్టైడ్లు కలపడానికి ఆ నీళ్లే దిక్కు.

ఒకరోజు సాయంత్రం ఆమె సంచిలోంచి ఆ సీసాల్లో ఒకటి తల బయటపెట్టి కనబడింది.

"ఏందక్కా ఇది?"

"లారీ బ్యాటరీకి పాపా. కొట్లో కొనే నీళ్లు మంచివి కాదంటాండాడు మా ఇంటాయన. ఒక్క సీసానే."

నిజానికి డ్రైవర్లందరూ బ్యాటరీలో పోసేది ఆ నీళ్లే. అడిగుంటే ఇచ్చేదాన్నేమో. అడగలేదని నాకు మండింది. పక్క ల్యాబు వాళ్లు కిటికీలోంచి తొంగిచూసేటంతగా అరిచాను. ఈ నీళ్లు ఒక్క చుక్క గడప దాటినా ఊరుకోనన్నాను. ఆమె సీసా తీసి బల్ల మీద పెట్టి, "సరే పాపా, ఇంగ ముట్టను" అంది. ఆమె మాట అంటే మాటే, మళ్లీ ముట్టలేదు.

ఆ ఏడాదే ఆమె భర్త ఎడమ పాదంలో మేకు దిగింది. ఆయన్ను నేను అన్నా అని పిలిచేదాన్ని. అన్నకు షుగరున్న సంగతి అప్పటిదాకా అన్నకే తెలియదు. నెల దాటినా పుండు మానలేదు. కర్నూలులో మా సారుకు తెలిసిన ఒక సర్జను దగ్గరికి పంపించాం. మొండి పుండ్ల నుంచి తీసిన నమూనాలను, రోగులతో ఒప్పుకోలు రాయించుకుని, మాకు పంపేది ఆయనే. పేర్లుండవు, నంబర్లే. అక్క భర్తకు కట్టు మార్పించుకుని తిరిగి వచ్చేటప్పుడు ఆ థర్మకోల్ పెట్టెను ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చేది. ఒక సోమవారం పెట్టె బల్ల మీద దించి, "పదకొండో నంబరు మా ఇంటాయనది పాపా" అంది. ఎవరిది ఏ నంబరో మాకు తెలియకూడదు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. అప్పుడు నేనూ చెప్పలేదు.

పదకొండో నంబరు గట్టి పిండం. ప్లేటు మీద పసుపుపచ్చ చుక్కలుగా మొలిచింది. ఆరు రకాల మందులు అద్దిన కాగితపు బిళ్లలు పెడితే ఆరింటినీ ఆనుకుని తాపీగా పెరిగింది. తర్వాత దాన్ని చిన్న చిన్న గుంతలుండే ప్లేటులో పోసి మా పెప్టైడ్ కలిపాను. సూక్ష్మజీవి బతికితే గుంతలో ద్రవం పల్చటి మజ్జిగలా మసకబారుతుంది. చస్తే తేటగా ఉంటుంది. మరుసటి పొద్దున చూస్తే గుంతలన్నీ తేటగా ఉన్నాయి. కిటికీ వెలుగులో ప్లేటు ఎత్తి పట్టుకుని నేను చిన్నపిల్లలా నవ్వుకుంటుంటే అక్క వెనక నిలబడి ఉంది.

"ఆయనదేనా పాపా?"

"ఆయనదే. చచ్చింది" అన్నాను. గొప్పకు పోయి అన్న మాట అది. ఆ తర్వాత జరిగినదానికంతా మొదలు ఆ ఒక్క మాటే.

అన్న ఒకసారి కడప వచ్చినప్పుడు కర్ర ఊనుకుంటూ ల్యాబు గుమ్మం దాకా వచ్చాడు. లారీ స్టీరింగు పట్టీ పట్టీ చేతులు గట్టిపడ్డ మనిషి, మాట మాత్రం మెత్తన. "ఏమ్మా డాక్టరమ్మా, నా పురుగులు ఎట్లుండాయి? తింటాండాయా?" అన్నాడు.

"నీకంటే బాగా తింటున్నాయన్నా."

"సూది వెయ్యవు, మాత్రియ్యవు. నువ్వేం డాక్టరువమ్మా."

ఇద్దరం నవ్వుకున్నాం. పోయేముందు మాత్రం కట్టుకట్టిన ఎడమ పాదం వైపు చూసుకుని, "కుడిదైనా బాగుండు. ఇది క్లచ్చు తొక్కే కాలు. ఇది పోతే నాకు ఇంగ లారీ ల్యా" అన్నాడు. అప్పుడు ఆయన నవ్వలేదు.

కొన్నాళ్లకు సర్జను తేల్చి చెప్పాడు. పదిహేను రోజులు చూస్తాం, అప్పటికీ తగ్గకపోతే మోకాలి కింద తీసేయాలి, లేకపోతే విషం పైకి పాకుతుంది. అది చెప్పించుకుని వచ్చిన రోజు అక్క మధ్యాహ్నం దాకా యంత్రం కాయిలు రుద్దింది. తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చింది.

"పాపా, ఆ పొడి ఒక రవ్వ ఇయ్యి. నువ్వే కదా చచ్చిందంటివి."

ఇవ్వకూడదు. అది మందు కాదు. ఎలుక మీద కూడా వేసి చూడలేదు. మనిషి రక్తంలో కలిస్తే ఆ రక్తకణాలకే బొక్కలు పెడుతుందేమో మాకే తెలియదు. ఇవన్నీ నిజాలు. ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, నిదానంగా చెప్పాల్సిన నిజాలు. నేను చెప్పిన తీరు వేరు. "ఇదేమన్నా పసుపా, పుండు మీద అద్దడానికి? మతి ఉండే అడుగుతున్నావా అక్కా?" అన్నాను. ఆమె తల ఊపి తొట్టి దగ్గరికి పోయి సీసాలు కడగడం మొదలుపెట్టింది. నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు కాబట్టి, ఆ రోజు బాగా బుద్ధి చెప్పాననే అనుకున్నాను.

పదిహేను రోజులు గడిచాయి. ఒక శనివారం ఆమె గుమ్మం దగ్గరే ఆగింది, లోపలికి రాలేదు.

"నీ మందు పని చెయ్యల్యా పాపా" అంది.

"ఏ మందక్కా?"

చెప్పింది. నేను వాడేసి తొట్లో వేసిన పొడి సీసాలు ఐదు. అడుగున ఇంకా రవ్వంత అంటుకుని ఉంటుంది కదా అని, నీళ్లు పోసి తొలిచి, ఆ నీళ్లు ఇంటికి తీసుకుపోయింది. మూడు రోజులకోసారి కట్టు విప్పి పుండు మీద పోసింది. పోసే ముందు ప్రార్థన చేసింది. ఆ సీసాల్లో సూక్ష్మజీవులుండవు, ఉత్త పొడి మాత్రమే. మా అదృష్టం అంతవరకే.

ఎందుకట్లా చేసిందో నాకు తెలుసు. మా సీమలో నెయ్యిగిన్నె తొలిచిన నీళ్లు కూడా ఎవరూ పారబోయరు. మా అమ్మ నూనెడబ్బాను ఎండలో బోర్లించి ఆఖరి చుక్క దాకా దించేది. అడుగున మిగిలింది వదిలేయడం మాకు చేతకాదు. నేనే ఆ సీసాలను తొలిచి చూడకుండా తొట్లో వేశాను చూడండి, అదీ వింత.

"ఏ నీళ్లు పోసినావక్కా?"

"బోరునీళ్లే. కాచి చల్లార్చినా. నీ నీళ్లు ముట్టనని చెప్పినా కదా."

"కాలు?" అన్నాను.

"బుధవారం తీస్తారంట."

ఆమె పోయాక నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. కుళాయి తిప్పి ఒక గాజు గ్లాసు నిండా బోరునీళ్లు పట్టాను. వడగట్టి, డిస్టిల్డ్ వాటర్ పోసే ప్రతిచోటా వాటినే పోసి, పదకొండో నంబరు మీద మళ్లీ ప్లేటు పెట్టాను. ఆదివారమని కూడా చూడకుండా పొద్దున్నే వచ్చి తీశాను. ఒక్క గుంత తేటగా లేదు. అన్నీ మజ్జిగే. నా పెప్టైడ్ అసలు వేయనట్టే పెరిగింది.

సోమవారం అక్కకు చూపించాను. ఆమె ప్లేటు వెలుగుకు ఎత్తి చూసింది. అరవలేదు, ఏడవలేదు.

"ఆ నీళ్లలో కందిపప్పే ఉడకదు పాపా" అంది. "మేము పప్పుకని ట్యాంకరు నీళ్లు బిందెలో దాచి పెట్టుకుంటాం. మందు కాడ నాకు తట్టల్యా."

నాకూ తట్టలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మూడేళ్లు పుస్తకాలు తిరగేస్తూ కూర్చున్నాను. కాయిలు మీద ఆ సున్నాన్ని ప్రతివారం పళ్లెంలో చూస్తూనే ఉన్నాను. నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం ముందే పోయి సూక్ష్మజీవి పొర మీద కూర్చుంటే, పెప్టైడ్‌కు అతుక్కోవడానికి చోటు ఉండదు. సారుకు ప్లేటు చూపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఆ కాల్షియం బోరులోనే ఉందా అమ్మా? మన రక్తంలో లేదూ?" అన్నాడు.

ఆ సాయంత్రమే నా రక్తం తీయించుకుని, దానిలోని తేటను వేరుచేసి, దానిలో ప్లేటు పెట్టాను. అదీ మజ్జిగే అయింది. అంటే నేను మూడేళ్లు చేసింది శుభ్రమైన నీళ్లలో మాత్రమే గెలిచే మందు. పుండులో ఊరే నీళ్లలో అది ఎప్పటికీ గెలవదు. అక్క డిస్టిల్డ్ వాటర్ పోసినా, నేనే నా చేత్తో పొడి ఇచ్చినా, ఆ కాలు నిలిచేది కాదు. ఇది తెలిసినప్పుడు నాకు ముందు కలిగింది ఊరట. నా అరుపు వల్ల కాలు పోలేదన్న ఊరట. ఆ తర్వాతే ఆయన కాలు గుర్తొచ్చింది. ఆ వరసకు ఈరోజుకీ సిగ్గుపడతాను.

బుధవారం నేనూ కర్నూలు పోయాను. ఆపరేషన్ గది బయట బెంచీ మీద అక్క పక్కన కూర్చుని అంతా చెప్పాను. రక్తంలో కూడా పనిచేయలేదని రెండుసార్లు చెప్పాను.

"అయితే నేను పాడు చేయలేదా?" అంది.

"లేదక్కా."

ఆమె కళ్లలో నీళ్లు అప్పుడు తిరిగాయి. రెండు రోజులుగా ఆ తప్పును నెత్తిన మోస్తోందని నాకు అప్పుడు తెలిసింది. "నేనే నీమీద అరిచినాను. తప్పయింది" అన్నాను. ఆ మాట నా నోట అంతకుముందు ఎవరూ విని ఉండరు.

"తిట్టినావులే, కొట్టలేదు కదా" అంది ఆమె. కొంగుతో ముఖం తుడుచుకుని కూజాలో నీళ్లు వంచుకుని తాగింది. "తుంగభద్ర నీళ్లు తియ్యగుండాయి పాపా" అంది.

నేను సంచిలోంచి డిస్టిల్డ్ వాటర్ సీసా తీసి ఆమె పక్కన పెట్టాను. ఎందుకు తెచ్చానో నాకే సరిగ్గా తెలియదు. ఆమె దాన్ని చూసి నెమ్మదిగా నా వైపు జరిపింది.

"లారీ యాడుండాది పాపా, ఇంగ బ్యాటరీకి."

సీసాను మళ్లీ సంచిలో పెట్టుకున్నాను.

ఆ తర్వాత మా పని తీరే మారింది. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ముందు మన కుళాయి నీళ్లలో చంపనీ, తర్వాత పత్రికలకు రాద్దాం" అన్నాడు సారు. కొత్త దండ ఏది వచ్చినా మొదటి పరీక్ష బోరునీళ్లలోనే. అవి కూడా మా కుళాయివి కాదు, అక్క వాళ్ల పల్లె నుంచి ప్లాస్టిక్ క్యానులో తెచ్చేది. "ఇవైతే ఇంగా గట్టివి" అని ఆమె పట్టుదల. రెండు పూసలు మార్చాం, పనిచేయలేదు. దండను రెండు చివర్లూ కలిపి వలయం చేశాం, కొంచెం నిలిచింది. ఆరు రకాలు మజ్జిగైపోయాయి. ప్రతిసారీ అక్క ప్లేటు ఎత్తి చూసి, "ఉడకల్యా పాపా" అనేది. ల్యాబులో అందరికీ అదే మాట అలవాటైంది.

ఏడోది తేటగా నిలిచింది. పల్లె బోరునీళ్లలోనూ, రక్తపు తేటలోనూ నిలిచింది. ఫ్రిజ్‌లో దాచిన పదకొండో నంబరు చచ్చింది. ఈసారి నేను ముందు మూడుసార్లు చేసి చూసుకున్నాను, తర్వాతే నోరు తెరిచాను. ఆ ఆదివారం చర్చి అయిపోయే వేళకు వాళ్ల పల్లెకు పోయాను. అన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర వచ్చిపోయే లారీల నంబర్లు రాసే పని చూసుకున్నాడు అప్పటికి. పెట్టుడు కాలు విప్పి గోడకు ఆనించి ఉంది.

"అన్నా, నీ పురుగు మీ ఊరి నీళ్లలోనే చచ్చింది."

"అట్లనా. అయితే మందు యాడ?"

ఈసారి కూర్చుని చెప్పాను. ఇంకా ఎలుకల మీద చూడాలి, దానికి కొన్నేళ్లు పడుతుంది, ఆ తర్వాత మనుషుల మీద, దానికింకా ఎన్నేళ్లో, మధ్యలో ఎక్కడైనా ఆగిపోవచ్చు. ఆయన అంతా ఓపిగ్గా విన్నాడు. విని నవ్వాడు.

"ఇంగో కాలుండాదిలే పాపా. తొందరేం ల్యా. నిదానంగా చెయ్యి."

అక్క నవ్వింది, నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆ ఇంకో కాలు వైపు చూశాను. లుంగీ అంచు కింద, బొటనవేలికి చిన్న గుడ్డపేలిక చుట్టి ఉంది.

"అదేందన్నా?"

"ఏం ల్యా. చెప్పు కరిచింది."

"ఎన్నాళ్లయింది?"

ఆయన అక్క వైపు చూశాడు. ఆమెకు కూడా తెలియదు. "వారం అయింటాది. నొప్పే ల్యా" అన్నాడు. నొప్పి తెలియకపోవడమే ఆ జబ్బులో అసలు ప్రమాదం. గుడ్డ విప్పి చూస్తే వేలి పక్కన నల్లబడి ఉంది.

అప్పుడొచ్చింది నా కోపం. జీవితంలో అంత సరైన చోట అది ఎప్పుడూ రాలేదు. లెమ్మన్నాను. రేపు పోతామన్నాడు. రేపు లేదన్నాను. వీధిలో వాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చి చూశారు, చూడనీ అనుకున్నాను. గంటలో ముగ్గురం కర్నూలు దారిలో ఉన్నాం. సర్జను చూసి వేలు ఒక్కటీ తీసేశాడు. వారం ఆలస్యమైతే పాదం పోయేదన్నాడు. రాత్రికి మంచం మీద పడుకుని అన్న నన్ను చూసి, "సూది వెయ్యకున్నా డాక్టరువేలే" అన్నాడు.

నా పెప్టైడ్ ఇప్పటికీ మందు కాలేదు. ఎలుకల దగ్గర ఒకసారి తప్పింది, మళ్లీ పూసలు మారుస్తూ వచ్చాం. అన్న కుడికాలు మాత్రం నిలిచింది. నేను ఆ ల్యాబులో ఉన్నన్నాళ్లూ అక్క ప్రతి ఉదయం సంచి కొక్కేనికి తగిలించి, కుళాయి తిప్పకముందే నా బల్ల దగ్గరికి వచ్చేది. నేను అడిగేదాన్ని కూడా కాదు.

"చూసినా పాపా. వేళ్ల సందులు కూడా చూసినా. ఏం ల్యా" అనేది. అప్పుడు నేను ఫ్రిజ్ తలుపు తెరిచేదాన్ని.